కోటు జేబులో పద్నాలుగు

కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో మూడో అంతస్తంతా తనిఖీ గది. ఒక చివర గుమ్మం, ఇంకో చివర గోడంత కిటికీ, మధ్యలో పదకొండు బల్లలు. గుమ్మం దగ్గరి బల్లలు పూట పనివాళ్ళవి. పిల్లకి జ్వరమనో, ఇంట్లో ముసలావిడ జారిపడిందనో కబురొస్తే చప్పుడు కాకుండా లేచి వెళ్ళిపోవడానికి వీలుగా వాళ్ళని అక్కడ కూర్చోబెట్టేవారు. పూర్తిరోజు చేసేవాళ్ళు నడిమి బల్లల దగ్గర. అన్నిటికంటే చివర, కిటికీని ఆనుకుని, ఒకే ఒక్క బల్ల. ఏ కోటైనా పెట్టెలోకి వెళ్ళేముందు ఆఖరిసారి వెలుతురు చూసేది ఆ బల్ల మీదే. అక్కడ కూర్చున్న మనిషి సరే అంటే సరే, కాదంటే కాదు. ఆ మాట మీద ఇంకో మాట లేదు.

ఆమె ఆ గదిలో మొదటిసారి అడుగుపెట్టేనాటికి పందొమ్మిదేళ్ళు. ఇప్పుడు యాభై ఏడు. ఈ ముప్పై ఎనిమిదేళ్ళలో వస్తూ పోతూ అన్ని బల్లల దగ్గరా కూర్చుంది. కూర్చోనిది ఆ ఒక్క కిటికీ బల్ల దగ్గరే.

గదిలో అందరూ ఆమెను సూదికళ్ళు అనేవారు. అస్తరు లోపల దాక్కున్న పోగుని కూడా పైనుంచే పసిగడుతుందని ఆ పేరు. పెట్టింది గుండీలత్త. గుండీలత్త అసలు పేరు ఎప్పుడో అందరూ మర్చిపోయారు. గుండీలు కుట్టే విభాగం నుంచి వచ్చింది గనక గుండీలత్త. పదహారేళ్ళుగా కిటికీ బల్ల ఆవిడదే. ఆ సోమవారం టీ తాగే వేళ ఆవిడ గ్లాసు కింద పెట్టి, ఏదో పక్కింటి కబురు చెబుతున్నట్టు చెప్పింది.

"ఒసేయ్ సూదికళ్ళూ, నిన్నొక నల్లకోటుకి నీలం గుండీ ఉంటే సరే అనేశానే. నా కళ్ళే నన్ను వెక్కిరిస్తున్నాయి. ఈ వారంతో నేను లేస్తున్నా. నీ పేరే చెప్పా."

"నా పేరా?"

"నీ పేరే. ఎందుకలా గుడ్లప్పగించి చూస్తావ్? ఆ కళ్ళు కోట్ల మీద పెట్టు."

సూపర్‌వైజరు కూడా వచ్చి అదే మాట చెప్పింది. ఆ అమ్మాయికి ముప్పై దాటి ఉండవు. "పిన్నిగారూ, శనివారంలోగా చెప్పండి. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా. ఆ బల్లకి పూట పని కుదరదు, మీకు తెలుసుగా."

తెలుసు. అదే ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పకపోవడానికి కారణం.

ఆమె కూతురు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. నాలుగు నెలల పాప. ఆదివారంతో సెలవు అయిపోతుంది, సోమవారం పొద్దున ఎనిమిదికి చీకటి గదిలో ఉండాలి. అల్లుడు బస్సు డ్రైవరు; తెల్లవారుజామున వెళితే ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. పాపని ఎవరు చూసుకుంటారన్నది ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగలేదు. కూతురు ఫోనులో ఎవరితోనో, "అమ్మ ఉందిగా" అంటూంటే ఆమె వింది, అంతే. రెండే రెండు మాటలు. వాటిలో తన మధ్యాహ్నం పనీ, తను ఎక్కి దిగే మెట్లూ, తను చూసే కోట్లూ ఏవీ లేవు. అయినా ఆ మాటలు విన్నప్పుడు కోపం రాలేదు. ఒంట్లో ఎక్కడో వెచ్చగా, తియ్యగా అనిపించింది. ఆ తియ్యదనాన్ని చూసే ఆమెకు భయం వేసింది.

గురువారం పొద్దున కూతురు వచ్చి, అమ్మ పాత పెట్టె తెరిచి, మెత్తబడ్డ బట్టలన్నీ తీసి పాపకి పక్కగుడ్డలు కత్తిరిస్తూంది. కత్తెర ఒక నీలం ఏప్రను మీదికి వచ్చేసరికి ఆమె చప్పున అందుకుంది.

"ఇది వద్దే."

"చిల్లులు పడిపోయిందమ్మా."

"పడనీ. నాది తడిసి ఉంది, ఇవాళ్టికి ఇది కట్టుకెళ్తా."

"నువ్వు కట్టుకునే ఏప్రనుకీ మసిగుడ్డకీ తేడా నీ కళ్ళకే తెలియాలి," అంది కూతురు. పాప పక్కనే పడుకుని, కత్తెర మెరుపు వైపు చూస్తూ నవ్వింది.

ఆ మధ్యాహ్నం గది వింతగా ఉంది. కింది అంతస్తులోని ఇస్త్రీ గది ఆవిరి మెట్ల మీదుగా పైకి పాకి, బల్లల మధ్య తెల్లగా నిలిచిపోయింది. కిటికీ వెలుతురు అందులో పడి పాలలా చిక్కబడింది. ఆమె గుమ్మం పక్క బల్ల దగ్గర నిలబడి కోట్లు చూస్తూంది. మొదట కాలరు, తర్వాత భుజాలు, చంక కుట్టు, కాజాలు, అస్తరు. చివరకి ఎడమచెయ్యి ఏప్రను జేబులోకి వెళ్ళి తన నంబరు అచ్చువేసిన చీటీ ఒకటి తీసి కోటు లోపలి జేబులో వేస్తుంది. ఆ చేతిని కన్ను చూడకూడదు. గదిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకి మొట్టమొదట నేర్పేది అదే: చీటీ వైపు చూసిన క్షణంలోనే ఒక పోగు తప్పించుకుంటుంది. కన్ను కోటుని వదలకూడదు. చెయ్యి తన దారి తను చూసుకోవాలి.

ఆవిరిలోంచి చూస్తే ముందున్న బల్లలన్నీ ఎక్కడో నీటి అడుగున ఉన్నట్టున్నాయి. మూడో బల్ల దగ్గర ఒక పిల్ల నిలబడి ఉంది. జడ ముందుకేసుకుని, కోటు భుజాల మీద అరచేత్తో ఒకసారి రాసి పంపిస్తూంది. ఆ కోటు తొడుక్కునే మనిషి ఎవరో, ఏ వానలో నడుస్తాడో, ఏ రైలు కోసం నిలబడతాడో అనుకుంటూ. ఆమెకు ఆ పిల్ల తెలుసు, పందొమ్మిదేళ్ళప్పుడు తను అలాగే నిలబడేది. స్తంభం పక్క బల్ల దగ్గర ఇంకొకతె. నిండుకడుపుతో, బల్లకి దూరంగా నిలబడి చేతులు చాపుకుని పనిచేస్తూంది. గుమ్మానికి ఇవతల వేరొకతె, కళ్ళ కింద నీడలు, ప్రతి అడుగు చప్పుడికీ తలెత్తుతుంది, ఇంటి నుంచి కబురేమోనని. ఎవరూ ఎవరినీ పలకరించుకోవడం లేదు. వాళ్ళందరికీ ఒకే చెయ్యి ఉన్నట్టు, ఆ చెయ్యి ఒకే జేబులోకి వెళ్ళి వస్తున్నట్టు ఆమెకు తోచింది. వేళ్ళకి చీటీలు ఎప్పటికంటే కాస్త మందంగా, అంచులు గరుగ్గా తగిలాయి. ఆ స్పర్శ హాయిగా ఉంది. వేళ్ళకి ఏదో తెలిసింది గానీ ఆమెకు చెప్పలేదు.

అయిదు కొట్టేసరికి చూసినవి ముప్పై ఏడు కోట్లు. మామూలుగా ఇరవై ఆరు దాటవు.

శుక్రవారం ఆమె మెట్లెక్కి వచ్చేసరికి సూపర్‌వైజరు గది మధ్యలో నిలబడి ఉంది, వేళ్ళ మధ్య పసుపుబారిన చీటీ ఒకటి పట్టుకుని.

"పద్నాలుగెవరు?"

 ఆ నంబరు ఎత్తేసి చాలా ఏళ్ళయింది.

"పెట్టెల్లో సర్దేవాళ్ళు ఊరికే ఒక జేబులో చెయ్యిపెట్టి చూస్తే ఇది వచ్చింది. తర్వాతదాంట్లో కూడా ఇదే. ముప్పై ఏడు కోట్లమ్మా! పుస్తకంలో లేని మనిషి చూసింది ముప్పై ఏడు కోట్లు."

"దయ్యమేమో," అంది నడిమి బల్ల నుంచి ఎవరో.

"దయ్యమైతే సెలవులడగదు, ఉండనియ్యండమ్మా," అంది గుండీలత్త. గదంతా నవ్వింది.

ఆమె నవ్వలేదు. మడిచి సంచిలో పెట్టుకున్న నీలం ఏప్రను తీసి, దాని జేబులో చెయ్యి పెట్టింది. పదకొండు చీటీలు మిగిలి ఉన్నాయి. పాత అచ్చు, నాలుగు అంకె కాలు కొంచెం వంకర.  చేతిలో ఆ చీటీలు పట్టుకునే ముందుకు నడిచింది.

"నేనే."

"మీరు ముప్పై ఒకటి కదా పిన్నిగారూ?"

"ఇప్పుడు. అప్పుడు పద్నాలుగు. ఏప్రను పాతది, చేతికి చీటీలు తగిలితే ఇప్పటివే అనుకున్నా. చూడకూడదు కదా."

సూపర్‌వైజరు నమ్మలేనట్టు చూసి, లోపలి గదిలోంచి తనిఖీ పుస్తకాలు తెప్పించింది. మొత్తం నాలుగు; అట్టలు ఊడిన పాతది కూడా అందులో ఉంది. వేలితో గీత వెంట జరుపుకుంటూ వెతికింది. దొరికింది. ఒకటి దొరికాక ఆమె మిగతావీ తనే చూపించింది. పద్నాలుగు. యాభై రెండు. తొమ్మిది. నలభై ఏడు. ముప్పై ఒకటి.

ప్రతి నంబరుకీ ఎదురుగా చేరిన తేదీ, మానేసిన తేదీ, మానేసిన కారణం. పద్నాలుగుకి ఎదురుగా 'పెళ్ళి' అని ఉంది. యాభై రెండుకి 'పురుడు'. తొమ్మిదికి 'ఇల్లు'. నలభై ఏడుకి 'అత్తగారి అనారోగ్యం'. నాలుగూ నలుగురి చేతిరాత. ఒకరిది గుండ్రంగా, ఒకరిది పక్కకి వాలిపోతూ. ఒక్కటీ తనది కాదు. తనని అడిగి రాశారో, ఎవరో చెబితే రాశారో కూడా గుర్తు లేదు. తొమ్మిదికీ నలభై ఏడుకీ మధ్య ఏడేళ్ళు ఇంట్లో మంచం అంచున కూర్చుని సంచులకొద్దీ కోటు గుండీలు కుట్టి పంపింది; ఆ ఏడేళ్ళు ఏ పుస్తకంలోనూ లేవు. 'మళ్ళీ వచ్చిన కారణం' అనే గడి అయితే ఏ పుస్తకంలోనూ, ఏ పేజీలోనూ లేదు. రావడానికి కారణం అక్కర్లేదేమో, ఊపిరి పీల్చడానికి అక్కర్లేనట్టు. లేకపోతే ఎవరికీ అడగాలని తోచలేదేమో.

"నియమం ప్రకారం పెట్టెలు విప్పి కోట్లన్నీ మళ్ళీ చూడాలి," అంది సూపర్‌వైజరు, ఆమె వైపు కాక పుస్తకం వైపు చూస్తూ. "రేపు గుండీలత్త చూస్తుంది. మీరు పక్కన ఉండి ఒక్కొక్కటీ అందించాలి. ఒక్క తప్పు దొరికినా... కిటికీ బల్ల సంగతి నేను మాట్లాడలేనండి."

"సరేనమ్మా," అంది ఆమె.

మెట్లు దిగుతూంటే తన మనసులో ఏం జరుగుతోందో ఆమెకు అర్థమై, మధ్యమెట్టు మీద ఆగిపోయింది. ఒక్క పోగైనా దొరికితే బావుణ్ణు అనుకుంటోంది తను. దొరికితే ఎవరికీ కాదనక్కర్లేదు. ఇంకొకరి చేతిరాతలో ఒక్క మాట పడుతుంది, తను ఇంటికి వెళ్ళిపోతుంది. ఇన్నాళ్ళూ అలాగే వెళ్ళింది కాబోలు.

ఆ సాయంత్రం చెప్పింది. కూతురు పాపకి పాలిస్తూ గోడకి ఆనుకుని కూర్చుంది. ఆమె భర్త బల్ల మీద రేడియో విప్పి స్క్రూలు వరసగా పేర్చుకుంటున్నాడు. ముప్పై ఆరేళ్ళు నీళ్ళ పంపుహౌసులో పనిచేసి కిందటేడు ఇంటికొచ్చాడాయన. ఆ మోతలకి చెవులు సగం పోయాయి. మాటలు పెదవుల మీద చూసి తెలుసుకుంటాడు, అది కూడా ఇష్టమైనప్పుడు.

"పూర్తిరోజా? సోమవారం నుంచా?" కూతురు గొంతు పెంచలేదు, పాప ఉలిక్కిపడుతుందని. అందుకే అది ఇంకా గుచ్చుకుంది. "ఎప్పుడు అడిగారు నిన్ను?"

"ఈ సోమవారం."

"నాలుగు రోజులు కడుపులో పెట్టుకున్నావా! నేను ఆసుపత్రిలో వస్తానని చెప్పేశానమ్మా. నీ బల్ల కోసం నేను మానేసి కూర్చోనా?"

"నేనలా అన్లేదే."

"మరి ఎలా అన్నావ్? ఇక్కడ మనమిద్దరమే ఉన్నాం. ఒకళ్ళు వెళ్తే ఒకళ్ళు ఉండాలి." కూతురు పాపని ఇంకో చేతిలోకి మార్చుకుంది. "అమ్మమ్మ నన్ను చూసుకోలేదా? అప్పుడు నువ్వు పనికెళ్ళలేదా?"

"చూసుకుంది."

"ఆవిడకేమైనా కష్టమనిపించిందా? ఇంట్లోనే ఉండేది గనక సరిపోయింది."

ఆమెకు ఎన్నడూ వెళ్ళని ఒక గదిలో ఎవరో దీపం పెట్టినట్టయింది.

"ఇంట్లో ఉండేది కాదే. అమ్మ ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట చేసేది. పందొమ్మిదేళ్ళు. మీ ఆసుపత్రే."

"మా ఆసుపత్రా?" కూతురు తలెత్తింది. "నాకెప్పుడూ చెప్పలేదే."

"నాకూ ఎప్పుడూ తట్టలేదు. నీకు రెండో ఏడు. నేను తొమ్మిదో నంబరుతో మళ్ళీ వెళ్ళిన వారమే అమ్మ మానేసింది. చేతులు పగిలిపోయి ఉండేవి కదా, హమ్మయ్య విశ్రాంతి దొరికింది అనుకున్నాను. అడగలేదు. పొద్దున లేచేసరికి ఇక్కడుంది. అప్పటినుంచీ ఇక్కడే ఉండేదన్నట్టు గుర్తుంచుకున్నాను."

పాప పాలు తాగడం ఆపి, రెండు గొంతుల మధ్య నిశ్శబ్దాన్ని వింటున్నట్టు చూసింది. కూతురు లేచింది. చెప్పులు తొడుక్కుంటూ, గుమ్మంలో ఆగి అంది:

"రేపు కోట్లు మళ్ళీ చూస్తారన్నావుగా. తప్పు దొరకాలని కోరుకోమంటావా, దొరక్కూడదని కోరుకోమంటావా? చెప్పమ్మా, అదే కోరుకుంటా."

 కూతురు రెండు వీధుల అవతలి తన ఇంటికి వెళ్ళిపోయింది. భర్త ఒక స్క్రూ తీసి వెలుతురుకి పట్టి చూసి, మళ్ళీ వరసలో పెట్టాడు. ఆయన అంతా విన్నాడో లేదో ఆమెకు తెలియలేదు. ఆయన ఉద్యోగం ఏ పుస్తకంలో రాసినా ఒకే గీత పడుతుంది అనుకుంది. చేరిన తేదీ, విరమణ. మధ్యలో మడత లేని గుడ్డలా.

శనివారం గది ఖాళీగా ఉంది. మిషన్లు నడవని రోజు ఆ భవనం నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. కిటికీ బల్ల దగ్గర గుండీలత్త, తన గోధుమరంగు ఊలు స్వెట్టరు చేతులు పైకి తోసుకుని కూర్చుంది. కళ్ళద్దాల మీద ఇంకో జత కళ్ళద్దాలు. కోట్లు కూడా గోధుమరంగువే. ఆమె ఒక్కొక్కటీ కొక్కెం నుంచి తీసి అందిస్తూంది. సూపర్‌వైజరు లోపలి గదిలో కాగితాలు చూసుకుంటూంది.

ఒకటి. రెండు. పది. వెలుతురు మెల్లగా బల్ల ఈ అంచు నుంచి ఆ అంచుకి జరిగింది. ఇన్నేళ్ళూ దూరం నుంచి చూసిన ఆ వెలుతురు దగ్గరకొచ్చేసరికి ఇంత మెత్తనిదని ఆమెకు తెలియదు. ప్రతి కోటు భుజాల మీదా ఎవరో అరచేత్తో రాసిన జాడ ఉన్నట్టు తోచింది. పద్నాలుగో నంబరు పిల్ల చూసిన కోట్లివి. ఆ పిల్ల ఒక్క మధ్యాహ్నం వచ్చి, తన కళ్ళు ఈమెకిచ్చి వెళ్ళింది.

ఇరవై తొమ్మిదో కోటు దగ్గర గుండీలత్త చెయ్యి ఆగింది.

చంక కుట్టు పక్కనుంచి సన్నని పోగొకటి లాగి, రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది. సూపర్‌వైజరు వైపు చూడలేదు. ఆమె వైపే చూసింది.

"ఇది తప్పేనంటావా?" నెమ్మదిగా అడిగింది. "నా కళ్ళ సంగతి నీకు తెలుసు. నువ్వు ఏదంటే నేనూ అదే అంటా."

 ఆమెకు ఇంటి గుమ్మం కనిపించింది. వెచ్చటి పాప బరువు భుజం మీద తెలిసింది. మెడ దగ్గర పాలవాసన. కూతురు ముఖం మీద కోపపు గీత చెదిరిపోవడం చూసింది. ఒక్క మాట. 'అవును' అంటే చాలు. అబద్ధమని కూడా ఎవరికీ తెలియదు. తనకి కూడా కొన్నాళ్ళకి తెలియకుండా పోతుంది. అమ్మ ఎప్పుడూ ఇంట్లోనే ఉండేదని తను నమ్మినట్టే, తను ఎప్పుడూ ఇంట్లో ఉండాలనే కోరుకున్నానని నమ్మేస్తుంది. పాపకి పాతికేళ్ళొచ్చాక ఎవరైనా అడిగితే, మా అమ్మమ్మకేం పని లేదు అంటుంది.

ఆమె ఆ పోగుని తన వేళ్ళలోకి తీసుకుంది. వెలుతురుకి ఎత్తింది.

"కోటు దారం రెండు పేటలు పురి పెట్టి ఉంటుంది," అంది. "ఇది ఒంటిపేట, నూగు కూడా ఉంది. ఇది నీ స్వెట్టరుది అత్తా."

గుండీలత్త తన చెయ్యి చూసుకుంది. మణికట్టు దగ్గర అల్లిక విడిపోయి ఉంది.

"తెలుసు," అంది. "నీకు తెలుసో లేదో చూద్దామని."

"అంటే నువ్వే పెట్టావా?"

"నేనెందుకు పెడతానే? దానంతటది రాలింది. రాలింది కదా అని వాడుకున్నా. ఇవ్వు, తర్వాతది ఇవ్వు. నాకు ఆకలేస్తోంది."

ముప్పై ఏడింటిలోనూ తప్పు దొరకలేదు.

సూపర్‌వైజరు పుస్తకం తెచ్చి బల్ల మీద పరిచింది. కిటికీ బల్లకి మారితే నంబరు మారుతుంది. నంబరు మారాలంటే ముప్పై ఒకటి గీత ముగించాలి. తేదీ వేసి, కలం ఆ చివరి గడి మీద పెట్టి ఆగింది. "ఇక్కడేం రాయను పిన్నిగారూ? మానెయ్యట్లేదు కదా మీరు."

"ఇలా ఇవ్వమ్మా, నేను రాస్తా."

 మానేసిన కారణం అని ఉన్న చోట, అక్షరాలు దిద్దే పిల్ల రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలతో, ఆమె రాసింది: 'కిటికీ దగ్గరికి.'

ఇంటికి వెళ్ళేసరికి కూతురు అక్కడే ఉంది, పాపని ఒళ్ళో వేసుకుని. ముఖం చూడగానే తెలిసిపోయినట్టుంది.

"దొరకలేదన్నమాట."

"ఒకటి దొరికింది. అది తప్పు కాదని నేనే చెప్పాను."

కూతురు చాలాసేపు ఆమెనే చూసింది, వెలుగు పెట్టె మీద ఎక్స్‌రేలో ఎముకల నీడలు చూసినట్టు. కోపం పోలేదు. కానీ అందులోకి ఇంకేదో వచ్చి కూర్చుంది.

"అయితే సోమవారం?"

ఆమె భర్త దగ్గరికి వెళ్ళి, ఆయన చేతిలో స్క్రూడ్రైవరు తీసి పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుంది. ఆయన ఆమె పెదవుల వైపు చూశాడు.

"రెండున్నర దాకా పాప నీ దగ్గరుంటుంది."

"నా దగ్గరా?" ఆయన నిజంగానే బెదిరిపోయాడు. "నాకు చేతకాదు. ఏడిస్తే నాకెలా వినపడుతుంది?"

"అదే నాన్నా," అంది కూతురు. "నేనూ అదే అనుకుని నిన్ను లెక్కలోకే తీసుకోలేదు."

"పంపు సరిగ్గా నడుస్తోందో లేదో ఎలా తెలుసుకునేవాడివి?" ఆమె అడిగింది. "చెవితోనేనా?"

ఆయన నవ్వాడు, ఆ ప్రశ్న అడిగినవాళ్ళే ఇన్నేళ్ళలో లేనట్టు. "ఆ మోతలో చెవెందుకు పనికొస్తుంది? చెయ్యి వేసి చూసేవాణ్ణి. బేరింగు పోయేముందు అరచేతికి ఒక రకంగా తెలుస్తుంది. గాలి పడితే ఒక రకం. నా తర్వాత వచ్చినవాడికి మూడు నెలలు నేర్పినా..."

మాట మధ్యలో ఆగిపోయాడు. కూతురు లేచి పాపని ఆయన ఛాతీకి ఆనించి, ఆయన కుడి అరచెయ్యి తీసుకుని ఆ చిన్న వీపు మీద పెట్టింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి, "ఎక్కిళ్ళు వస్తున్నాయి," అన్నాడు. పాప ఎక్కిళ్ళు పెట్టింది.

"ఒక్క వారం చూస్తా," అంది కూతురు కటువుగా. "వారమే. కుదరకపోతే మళ్ళీ మాట్లాడుకుందాం." వెళ్తూ వెళ్తూ అంది, "అమ్మమ్మ ఏ వైపు పనిచేసేదమ్మా? పాత భవనంలోనా?"

"తెలీదే. అడగలేదన్నానుగా."

"నేను అడుగుతా. ఎవరికైనా గుర్తుంటుందేమో."

సోమవారం పొద్దున ఆమె గుమ్మం దాటి, పూట బల్లలు దాటి, స్తంభం దాటి, నడిమి బల్లలన్నీ దాటి నడిచింది. ముప్పై ఎనిమిదేళ్ళ దూరం పాతిక అడుగుల్లో అయిపోవడం వింతగా ఉంది. కొత్త చీటీల కట్ట బల్ల మీద ఉంది. నంబరు ఒకటి. ఆ బల్లకి ఎప్పుడూ అదే నంబరట. ఆ సంగతి కూడా ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు. పద్నాలుగులు పదకొండూ ఇంట్లో పెట్టెలోనే ఉన్నాయి, చిల్లుల ఏప్రను జేబులో.

పదకొండు గంటల వేళ వీధికి అవతల కాలిబాట మీద ఆయన కనిపించాడు. భుజం మీద పాప, వీపు మీద అరచెయ్యి. బస్సుల హారన్లేవీ ఆయనకి పట్టలేదు. ఏదో లెక్కపెడుతున్నట్టు పెదవులు కదుపుతూ, అడుగులో అడుగు వేసుకుంటూ మెల్లగా నడుస్తున్నాడు. పాప నోరు తెరిచి ఉంది. మూడో అంతస్తు నుంచి చూస్తే అది ఏడుపో నవ్వో ఆమెకు తెలియలేదు. ఈ దూరం నుంచి ఆ సూదికళ్ళకి కూడా అందని సంగతి ఒకటి ఉందన్నమాట. ఆయన ఆగాడు. అరచెయ్యి కొంచెం పైకి జరిపాడు. మళ్ళీ నడిచాడు.

ఆమె ఎడమచెయ్యి అప్పటికే చీటీ తీసి పట్టుకుని ఉంది. కన్ను కోటుని వదిలి ఎంతసేపయిందో తెలియదు. చీటీ తిరిగి కట్ట మీద పెట్టేసి, ఆ కోటుని మళ్ళీ కాలరు నుంచి మొదలుపెట్టింది.